హెచ్‌ఐవీ ఒక్కో చోట ఒక్కో వర్గంలోనే ఎందుకు ఎక్కువ?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో యువతుల్లో, అమెరికాలో పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో, రష్యాలో డ్రగ్స్ ఇంజెక్షన్ చేసుకునేవాళ్లలో ఎక్కువ అంటున్నారు, ఒకే వైరస్ ఇలా మనుషుల్ని ఏరుకుంటుందా అన్నది మొదటిది. ఈ వర్గాల్లో మొదలై మెల్లగా మామూలు జనంలోకి పాకుతుందంటారు, నిజమేనా అన్నది రెండోది. నేను ఆ లిస్టులో ఎక్కడా లేను, నాకెందుకు టెస్టు అన్నది మూడోది. ఏళ్ల తరబడి ఈ లెక్కలతోనే పని చేస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

సూటిగా చెప్పాలంటే వైరస్ ఎవర్నీ ఏరుకోదు. ఒక మనిషికి సోకే అవకాశం ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఆ మనిషి కలిసే వాళ్లలో చికిత్స అందని వైరస్ ఇప్పటికే ఎంత ఉంది అన్నది ఒకటి. కండోమ్, కొత్త సిరంజి, టెస్టు, మందు ఆ మనిషికి ఎంత అందుబాటులో ఉన్నాయి అన్నది ఇంకోటి. ‘వర్గం’ అనేది మనం లెక్కల కోసం గీసుకున్న గీత. ఈ రెండు విషయాలూ ఆ గీతకి ఇటువైపు, అటువైపు చాలా తేడాగా ఉంటాయి. అందుకే వైరస్ గీత చూసి నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

ముందు శరీరం సంగతి. హెచ్‌ఐవీ వచ్చే దారులు మూడే: సెక్స్, రక్తం, తల్లి నుంచి బిడ్డకి. కలిసి తినడం, ఒకే టాయిలెట్ వాడటం, కౌగిలించుకోవడం, దగ్గు, దోమ, ఇవేవీ కావు. అయితే ఈ మూడు దారుల్లో రిస్క్ ఒకేలా ఉండదు. చికిత్స తీసుకోని పాజిటివ్ వ్యక్తితో కండోమ్ లేకుండా ఒకసారి కలిస్తే ఎంత ముప్పు అన్నదానికి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే అంచనాలు ఇలా ఉన్నాయి. యోని సంభోగంలో స్త్రీకి 10,000కి 8, పురుషుడికి 10,000కి 4. మలద్వార సంభోగంలో లోపలికి తీసుకునే వ్యక్తికి 10,000కి 138, రెండో వ్యక్తికి 11. ఒకే సిరంజి పంచుకుంటే 63. పాజిటివ్ రక్తం ఎక్కించుకుంటే 9,250, అంటే దాదాపు ఖాయం.

ఆ 138 అంకె గురించి కొంచెం ఆగాలి. మలద్వారం లోపలి పొర చాలా పలచన, తేలిగ్గా చీరుకుంటుంది, దాని కిందే వైరస్ పట్టుకునే కణాలు బోలెడు ఉంటాయి. ఇది స్త్రీకైనా పురుషుడికైనా ఒకటే. కాకపోతే పురుషుల మధ్య సంబంధాల్లో ఇంకో విషయం కలుస్తుంది, దీని గురించి బయట పెద్దగా మాట్లాడరు. స్త్రీ పురుషుల మధ్య సంభోగంలో తేలిగ్గా సోకేది స్త్రీకి, ఆమె నుంచి పురుషుడికి సోకడం అంతకంటే కష్టం. అంటే ప్రతి రెండో మెట్టు దగ్గర వైరస్ వేగం కొంత తగ్గుతుంది. ఇద్దరు పురుషుల మధ్య అలా కాదు. ఒకే వ్యక్తి ఒకసారి తేలిగ్గా సోకే పాత్రలో ఉండొచ్చు, మరోసారి తేలిగ్గా సోకించే పాత్రలో ఉండొచ్చు. మధ్యలో బ్రేకు పడదు. కేవలం ఈ ఒక్క కారణం వల్లే, భాగస్వాముల సంఖ్య సమానంగా ఉన్నా సరే, అక్కడ వ్యాప్తి వేగంగా ఉంటుంది. ఇందులో నడవడికకి సంబంధించిన తీర్పు ఏమీ లేదు, ఉన్నదంతా శరీర నిర్మాణం, లెక్క.

పోనీ 10,000కి 4 అంటే నిశ్చింతగా ఉండొచ్చా అంటే, అదీ కుదరదు. అవి సగటు అంకెలు. సోకిన మొదటి కొన్ని వారాల్లో రక్తంలో వైరస్ మిల్లీలీటరుకి లక్షల్లో, ఒక్కోసారి కోట్ల దగ్గరికి వెళ్తుంది. ఆ సమయంలో మనిషికి మహా అయితే జ్వరం, ఒళ్లునొప్పులు, గొంతునొప్పి ఉంటాయి, ఫ్లూ అనుకుంటాడు. టెస్టు చేసినా నెగటివ్ రావచ్చు. అప్పుడు కలిసిన వాళ్లకి ముప్పు సగటు కంటే ఎన్నో రెట్లు. సిఫిలిస్, హెర్పిస్ లాంటి సుఖవ్యాధుల పుండ్లుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. దీనికి విరుద్ధంగా, సున్తీ చేయించుకున్న పురుషుడికి స్త్రీ నుంచి సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుందని దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన మూడు పెద్ద పరీక్షల్లో తేలింది. ఆఫ్రికాలో పశ్చిమ దేశాలకీ దక్షిణ దేశాలకీ మధ్య ఉన్న భారీ తేడాకి ఇదొక కారణం. ఒక్కటే కారణం మాత్రం కాదు.

శరీరం కథ ఇక్కడితో సరి. అసలు కథ మనుషుల మధ్య సంబంధాల వలలో ఉంది.

అమెరికాలో నల్లజాతి గే పురుషుల విషయం చూడండి. సీడీసీ 2016లో ఒక అంచనా ఇచ్చింది: అప్పటి పరిస్థితే కొనసాగితే జీవితకాలంలో నల్లజాతి గే పురుషుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి హెచ్‌ఐవీ వస్తుంది, తెల్లజాతి గే పురుషుల్లో ప్రతి పదకొండు మందిలో ఒకరికి. ఇది విన్న ఎవరైనా వెంటనే ‘వీళ్లు జాగ్రత్తలు తక్కువ తీసుకుంటారేమో’ అనుకుంటారు. పరిశోధకులూ అదే అనుమానంతో వెతికారు. దొరికింది వేరు. కండోమ్ వాడకంలో, భాగస్వాముల సంఖ్యలో, డ్రగ్స్ వాడకంలో నల్లజాతి పురుషులు తెల్లవాళ్ల కంటే ఎక్కువ రిస్క్ తీసుకోవడం లేదు. కొన్ని విషయాల్లో తక్కువే తీసుకుంటున్నారు. తేడా ఎక్కడంటే, వాళ్లు ఎక్కువగా తమలో తాము కలుస్తారు, ఆ చిన్న వలలో వైరస్ ముందే ఎక్కువగా ఉంది, ఇన్సూరెన్స్, డాక్టరు, మందు అందడం తక్కువ కాబట్టి పాజిటివ్ అయినవాళ్లలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) తగ్గనివాళ్లు ఎక్కువ. ఇద్దరు డ్రైవర్లు అంతే జాగ్రత్తగా బండి నడుపుతున్నా ఒకరిది లారీలు దూసుకుపోయే హైవే, ఇంకొకరిది ఖాళీ రోడ్డు అయితే యాక్సిడెంట్ లెక్కలు ఒకటిగా ఉండవు కదా. అలాంటిదే ఇది. నా దృష్టిలో హెచ్‌ఐవీ లెక్కలు చదివే ప్రతివాళ్లూ మొదట అర్థం చేసుకోవాల్సిన ఉదాహరణ ఇదే, ఎందుకంటే ‘ఎవరికి ఎక్కువ వచ్చిందో వాళ్లే ఎక్కువ తప్పు చేశారు’ అన్న ఆలోచనని ఇది అంకెలతో సహా పడగొడుతుంది.

ఇప్పుడు దక్షిణాఫ్రికా. అక్కడి క్వాజులు-నటాల్ ప్రాంతంలో పరిశోధకులు పాజిటివ్ అయిన వాళ్ల నుంచి వైరస్ నమూనాలు తీసుకుని జన్యుక్రమం పోల్చారు. ఎవరి వైరస్ ఎవరి వైరస్‌కి దగ్గరగా ఉందో చూస్తే సోకిన దారి లీలగా తెలుస్తుంది. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒక చక్రం కనిపించింది. పాతికేళ్ల లోపు అమ్మాయిల వైరస్ వాళ్ల కంటే సగటున ఎనిమిది తొమ్మిదేళ్లు పెద్దవాళ్లయిన పురుషుల వైరస్‌తో కలిసింది. ఆ పురుషుల వైరస్ వాళ్ల వయసే ఉన్న, పాతిక నుంచి నలభై మధ్య స్త్రీల వైరస్‌తో కలిసింది. అంటే ఈ అమ్మాయిలే కొన్నేళ్లకి ఆ రెండో వయసు గుంపులోకి వస్తారు, అక్కడి నుంచి అదే వయసు పురుషులకి, వాళ్ల నుంచి మళ్లీ కొత్త తరం అమ్మాయిలకి. గొలుసు తెగకుండా ఇలా తిరుగుతూనే ఉంటుంది.

ఆ అమ్మాయిల్లో చాలామందికి ఉన్నది ఒకే ఒక్క భాగస్వామి. ‘ఒక్కరితోనే ఉండండి’ అన్న సలహా వాళ్లు పాటిస్తున్నారు కూడా. ఆ ఒక్కరు ఏ వయసువాళ్లు, వాళ్లకి ఇంకా ఎవరితో సంబంధం ఉంది, కండోమ్ పెట్టుకోమని అడిగే ధైర్యం ఈ అమ్మాయికి ఉందా, ఫీజుకీ ఫోన్‌కీ అతని మీద ఆధారపడి ఉందా, ఇవి ఆ సలహాలో లేవు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ లెక్క ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా వారానికి సుమారు 4,000 మంది 15 నుంచి 24 ఏళ్ల అమ్మాయిలకి కొత్తగా సోకింది. అందులో 3,100 మంది సహారాకి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల వాళ్లే.

ఇక్కడే వలస కూలీల మాట కూడా చెప్పాలి. గనుల్లో పని చేసే మగవాళ్లు నగరంలో అంటించుకుని ఊళ్లో ఉన్న భార్యకి తెస్తారన్నది దక్షిణాఫ్రికాలో చాలాకాలం నడిచిన కథ. కొంత నిజమే. కానీ భార్యాభర్తల్లో ఒక్కరే పాజిటివ్‌గా ఉన్న జంటల్ని పరీక్షించినప్పుడు దాదాపు మూడో వంతు జంటల్లో పాజిటివ్ అయింది ఊళ్లో ఉన్న స్త్రీ. నెలల తరబడి విడిగా ఉండటం అనే పరిస్థితి రెండు వైపులా పని చేస్తుంది. ఎవరు ఎవరికి తెచ్చారన్న బాణం గుర్తు గీసే ముందు కాస్త ఆలోచించుకోవాలి.

డ్రగ్స్ ఇంజెక్షన్ల విషయంలో వ్యాప్తి తీరే వేరు. సెక్స్ ద్వారా ఏళ్లు పట్టేది ఇక్కడ నెలల్లో అయిపోతుంది. స్కాట్లాండ్‌లో 1980ల మొదట్లో ఎడిన్‌బరో పోలీసులు హెరాయిన్ మీద విరుచుకుపడ్డారు. సిరంజి జేబులో దొరికితే కేసు. మందుల షాపులు సిరంజిలు అమ్మడం మానేశాయి. ఫలితంగా ఒక గదిలో పదిమంది చేరి ఉన్న ఒకటీ రెండు సిరంజిలతోనే పని కానిచ్చుకునేవాళ్లు. 1985లో రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చాక ఒక డాక్టరు తన దగ్గరికి వచ్చే వాళ్ల నమూనాలు పరీక్షింపజేస్తే సగం మంది పాజిటివ్. గంట ప్రయాణం దూరంలో ఉన్న గ్లాస్గోలో అదే హెరాయిన్, అదే పేదరికం, కానీ పాజిటివ్ చాలా తక్కువ. అక్కడ సిరంజిల మీద అంత కరువు రాలేదు. (గ్లాస్గో కూడా శాశ్వతంగా తప్పించుకోలేదు. 2015 నుంచి ఇల్లు లేనివాళ్లు, కొకైన్ ఇంజెక్షన్ చేసుకునేవాళ్లలో అక్కడ వంద దాటిన కేసులతో వ్యాప్తి వచ్చింది.)

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని స్కాట్ కౌంటీ ఇంకా మంచి ఉదాహరణ. అందులో ఆస్టిన్ అనేది నాలుగు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. అంతకు ముందు పదేళ్లలో ఆ కౌంటీ మొత్తానికి హెచ్‌ఐవీ కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 2014 చివర, 2015లో నొప్పి మాత్రలు కరిగించి ఇంజెక్షన్ చేసుకునేవాళ్లలో ఒక్కసారిగా రెండు వందల దాకా బయటపడ్డాయి. జన్యుక్రమం చూస్తే దాదాపు అందరిదీ ఒకటే వైరస్, అంటే బయటి నుంచి ఒక్కసారి వచ్చి ఆ వలలో మంటలా పాకింది. ఆ కౌంటీలో ఉచితంగా టెస్టు చేసే కేంద్రం రెండేళ్ల ముందే మూతపడింది, వాడిన సిరంజి ఇచ్చి కొత్తది తీసుకునే సిరంజిల మార్పిడికి అప్పటి రాష్ట్ర చట్టం ఒప్పుకునేది కాదు. వ్యాప్తి మొదలయ్యాక అప్పటి గవర్నర్ మైక్ పెన్స్ సిరంజిల మార్పిడికి అనుమతి ఇచ్చాక, టెస్టులు, చికిత్స కూడా పెరిగాక కేసులు తగ్గాయి. వాళ్లు తెల్లజాతి గ్రామీణ అమెరికన్లు, ఏ పోస్టరు మీదా ‘హై రిస్క్’ అని బొమ్మ వేయని జనం. రష్యా సంగతికొస్తే, అక్కడ హెరాయిన్‌కి బదులుగా నోటి ద్వారా ఇచ్చే మెథడోన్ చికిత్స నేటికీ నిషేధం. అక్కడ అంకెలు ఎందుకు అంత ఎక్కువో దీన్ని బట్టి కొంతవరకు తెలుస్తుంది.

సెక్స్ వర్కర్ల విషయంలోనూ ఊరు మారితే లెక్క మారుతుంది. 1990ల్లో ముంబైలో సెక్స్ వర్కర్లలో సగం మంది దాకా పాజిటివ్ అని తేలిన రోజుల్లోనే కోల్‌కతాలో సెక్స్ వర్కర్లు ఎక్కువగా ఉండే సోనాగచ్చి పేటలో అది పది శాతం లోపే ఉంది. డాక్టర్ స్మరజిత్ జానా 1992లో అక్కడ మొదలుపెట్టిన పనిలో ఆ స్త్రీలే తోటివాళ్లకి చెప్పేవాళ్లయ్యారు, కండోమ్ లేకుండా ఒప్పుకోం అని అందరూ కలిసి నిలబడ్డారు. ఒక్కరే కాదంటే విటుడు పక్కింటికి పోతాడు, అందరూ కాదంటే ఎక్కడికి పోతాడు?

మీ రెండో ప్రశ్నకి వస్తాను. ‘రిస్క్ వర్గం నుంచి మామూలు జనంలోకి’ అన్న బొమ్మ ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. 1988లో బ్యాంకాక్‌లో డ్రగ్స్ ఇంజెక్షన్ చేసుకునేవాళ్లలో పాజిటివ్ శాతం ఒక్క ఏడాదిలో నామమాత్రం నుంచి 30 దాటింది. మరుసటి ఏడు సెక్స్ వర్కర్లలో పెరిగింది. తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లే పురుషుల్లో. 1993 నాటికి సైన్యంలో చేరే కుర్రాళ్లలో నూటికి నలుగురు పాజిటివ్. ఆ తర్వాత భార్యల్లో, ఆ తర్వాత పసిపిల్లల్లో. అలల మీద అలల్లా చక్కగా వరసలో కనిపించింది, అందరూ అదే బొమ్మ పాఠంగా నేర్చుకున్నారు.

ల్యాబులో వైరస్ రకం చూసినప్పుడు అసలు విషయం బయటపడింది. మొదట్లో ఇంజెక్షన్ల వాళ్లలో ఎక్కువగా తిరిగింది బి రకం వైరస్. సెక్స్ ద్వారా దేశమంతా పాకింది ఇంకో రకం, అప్పట్లో ఇ అనేవాళ్లు. అంటే మొదటి అల నుంచి రెండో అల పుట్టలేదు. రెండూ చాలావరకు వేరువేరుగా వచ్చిన వ్యాప్తులు, కాలక్రమంలో పక్కపక్కన పడ్డాయంతే. సెక్స్ వర్కర్ల నుంచి విటులకి, విటుల నుంచి భార్యలకి వెళ్లిందన్నది నిజమే. అయితే ఆ సెక్స్ వర్కర్లకి ఇచ్చింది కూడా విటులే కదా, ఆ బాణం మాత్రం ఏ బొమ్మలోనూ గీయరు. థాయ్ ప్రభుత్వం తెలివైన పని ఒకటి చేసింది: 1989లో రాట్చబురీ ప్రాంతంలో మొదలుపెట్టి 1991కల్లా దేశమంతా, సెక్స్ వర్క్ జరిగే ప్రతిచోటా కండోమ్ తప్పనిసరి అనే నియమం తెచ్చి, పాటించని యజమానుల్ని పట్టుకుంది. ఆ తర్వాత సైన్యంలో చేరేవాళ్లలో అంకెలు దిగిపోయాయి.

1990ల్లో చాలామంది భయపడినట్టు ఆఫ్రికా బయట అన్ని దేశాల్లోనూ సాధారణ జనంలో విపరీతంగా పాకిపోతుందా అంటే, అలా జరగలేదు. సహారాకి దక్షిణాన లేని దేశాల్లో కొత్త కేసుల్లో చాలా పెద్ద వంతు ఇప్పటికీ పురుషులతో సంబంధాలున్న పురుషులు, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, డ్రగ్స్ ఇంజెక్షన్ చేసుకునేవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు, ఇంకా ఈ అందరి భాగస్వాముల్లోనే. ఆ చివరి మాట వదిలేయకండి. ‘భాగస్వాములు’ అంటే ఎక్కువగా తన భర్త గురించి ఏమీ తెలియని భార్య. యూఎన్‌ఎయిడ్స్ ఇటీవలి అంచనాల్లో ప్రపంచంలో పెద్దవాళ్లందరిలో పాజిటివ్ శాతం 0.8 ఉంటే ట్రాన్స్‌జెండర్లలో 9.2, గే పురుషుల్లో 7.7, డ్రగ్స్ ఇంజెక్షన్ల వాళ్లలో 5, సెక్స్ వర్కర్లలో 3.

తమ ప్రవర్తనతో ఏ సంబంధమూ లేకుండా హెచ్‌ఐవీ వచ్చిన వర్గాలూ ఉన్నాయి, చర్చల్లో వీళ్లు ఎప్పుడూ చివర్లో వస్తారు, నేనూ అదే చేస్తున్నాను. హీమోఫీలియా రోగులకి రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే మందు వేలాది దాతల ప్లాస్మా కలిపి తయారయ్యేది. అందులో ఒక్కరు పాజిటివ్ అయినా బ్యాచ్ అంతా చెడేది. అమెరికాలో హీమోఫీలియా ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి అలా సోకింది. చైనా హెనాన్ రాష్ట్రంలో 1990ల్లో పేద రైతులు డబ్బు కోసం ప్లాస్మా అమ్మేవాళ్లు. ఒకే గ్రూపు వాళ్ల రక్తం కలిపి, ప్లాస్మా తీసేసుకుని, మిగిలిన ఎర్రకణాల్ని మళ్లీ అందరికీ ఎక్కించేవాళ్లు, రక్తహీనత రాకుండా త్వరగా మళ్లీ అమ్మగలిగేలా. ఒక్క పాజిటివ్ వ్యక్తి చాలు, ఊళ్లకి ఊళ్లే పోయాయి. దాన్ని బయటపెట్టిన గావో యావోజీ అనే వృద్ధ డాక్టరు చివరికి దేశమే విడిచి వెళ్లాల్సి వచ్చింది. రొమేనియా అనాథాశ్రమాల్లో వేలమంది పసిపిల్లలు, 2019లో పాకిస్తాన్ రటోడెరోలో మళ్లీ వందలమంది పిల్లలు, ఇవన్నీ వాడిన సూది మళ్లీ వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించడం వల్లే. రటోడెరోలో చాలామంది పిల్లల తల్లులు నెగటివ్. అంటే తల్లి నుంచి వచ్చింది కాదు, అదే పెద్ద ఆధారం.

వయసుల లెక్క ఎంత చెబుతుందో ఇంకో సంగతి. 1985లో ఫ్లోరిడాలోని బెల్ గ్లేడ్ అనే చిన్న ఊళ్లో ఎయిడ్స్ కేసులు అసాధారణంగా ఎక్కువ. పేదరికం, మురుగు, విపరీతమైన దోమలు. దోమలే కారణమని ప్రచారం జరిగి ఊరంతా టెన్షన్. సీడీసీ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి పరీక్షిస్తే, రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో ఒక్కరూ పాజిటివ్ లేరు, అరవై దాటినవాళ్లలో ఒక్కరూ లేరు. దోమ వయసు చూసి కుట్టదు. ఉన్నదంతా సెక్స్‌లో, సూదుల్లో చురుగ్గా ఉండే వయసుల్లోనే. దోమ కథ అక్కడితో ముగిసింది, కనీసం శాస్త్రవేత్తలకి.

వర్గాల పేర్లు పెట్టడం వల్ల జరిగిన నష్టం గురించి కూడా రెండు మాటలు. 1983లో అమెరికాలో ముప్పు ఉన్న వర్గాలుగా హోమోసెక్సువల్స్, హెరాయిన్ వాడేవాళ్లు, హీమోఫీలియా రోగులు, హైతీ దేశస్తులు అని నాలుగు ‘హెచ్’లు చెప్పేవాళ్లు. మొదటి మూడూ వైరస్ వచ్చే దారుల్ని సూచిస్తాయి, నాలుగోది ఒక దేశం పేరు! 1985లో తీసేశారు, ఈలోగా హైతీ వాళ్ల ఉద్యోగాలు పోయాయి, ఇళ్లు అద్దెకి దొరకలేదు, ఆ దేశ పర్యాటకం కుప్పకూలింది. ఇంకో నష్టం కనపడదు. పేరు పడిన వర్గంలో ఎక్కువ టెస్టులు చేస్తాం కాబట్టి ఎక్కువ కేసులు దొరుకుతాయి. టెస్టు చేయని వర్గం శుభ్రంగా కనిపిస్తుంది. నమూనా ఎక్కడ తీశామన్నది ఎంత ముఖ్యమో భారతదేశపు అంచనానే చెబుతుంది: ఆసుపత్రులకి వచ్చినవాళ్ల లెక్కల మీద ఎక్కువగా ఆధారపడి 2006లో 57 లక్షల దాకా ఉండొచ్చన్న అంచనా, ఇళ్లకి వెళ్లి చేసిన సర్వే కూడా కలిపాక 2007లో 25 లక్షలకి దిగింది. ఆ ఏడాదిలో సగం మంది మాయం కాలేదు, లెక్క మారింది.

అలాగే శాతం ఎక్కువున్న చోటల్లా పరిస్థితి దిగజారుతోందనీ అనుకోకూడదు. దక్షిణాఫ్రికా పక్కనున్న చిన్న దేశం ఎస్వాటినీలో పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరు పాజిటివ్. కానీ అక్కడ పాజిటివ్ వాళ్లలో దాదాపు తొంభై శాతం మందులు వాడుతూ వైరస్‌ని అదుపులో పెట్టుకున్నారు, కొత్త కేసులు బాగా తగ్గాయి. మందు పని చేస్తోంది, మనుషులు బతుకుతున్నారు, కాబట్టే శాతం ఎక్కువగా ఉంది. మందు క్రమంగా వాడుతూ వైరల్ లోడ్ మిల్లీలీటరు రక్తానికి 200 లోపు ఉంచుకున్న వ్యక్తి నుంచి సెక్స్ ద్వారా సోకదు. 2011లో, 2016లో, 2019లో వచ్చిన పెద్ద అధ్యయనాలు దీన్ని తిరుగులేకుండా నిర్ధారించాయి. తల్లికి సరిగ్గా చికిత్స అందితే బిడ్డకి సోకే అవకాశం ఒక శాతం లోపుకి వస్తుంది, అసలేమీ చేయకపోతే 15 నుంచి 45 శాతం. 2015లో క్యూబా, తల్లి నుంచి బిడ్డకి సోకడాన్ని నిర్మూలించిన మొదటి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. కాబట్టి ఇవాళ్టి రోజున ఏ వర్గంలో వైరస్ ఎక్కువ తిరుగుతుందన్నది, చాలావరకు, ఏ వర్గానికి మందు సరిగ్గా అందడం లేదన్న ప్రశ్నే.

ఇక మీ మూడో ప్రశ్న, ‘నేను లిస్టులో లేను’. 2020లో ఇంగ్లండ్‌లో చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి, కొత్తగా బయటపడిన కేసుల్లో గే పురుషుల కంటే స్త్రీ పురుష సంబంధాల వల్ల సోకినవాళ్లు ఎక్కువయ్యారు. గే పురుషులు క్రమం తప్పకుండా టెస్టులు చేయించుకుంటారు, ముందస్తు నివారణ మాత్ర ప్రెప్ వాడతారు, అందుకే వాళ్లలో తగ్గింది. మిగతావాళ్లు ‘మనకెందుకు వస్తుంది’ అనుకుంటూ ఆలస్యంగా, రోగనిరోధక శక్తి బాగా పడిపోయాక వస్తున్నారు. ఆ దశకే ఎయిడ్స్ అని పేరు: రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలు 200 లోపుకి పడిపోవడం, లేదా క్షయ లాంటి కొన్ని జబ్బులు పట్టుకోవడం. హెచ్‌ఐవీ సోకడానికీ అక్కడికి చేరడానికీ మధ్య, మందు లేకపోయినా, సాధారణంగా ఎనిమిది పదేళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు.

13 నుంచి 64 ఏళ్ల వయసున్న ప్రతి ఒక్కరూ కనీసం ఒకసారి టెస్టు చేయించుకోవాలని సీడీసీ 2006 నుంచి చెబుతోంది, ఏ వర్గమైనా సరే. నేనూ అదే చెబుతాను. కొత్త భాగస్వామి ఉన్నా, మీ భాగస్వామికి టెస్టు అయిందో లేదో తెలియకపోయినా, ఎవరిదో వాడిన సూది తగిలినా మళ్లీ చేయించుకోండి. రక్తనాళం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం టెస్టు సోకిన 18 నుంచి 45 రోజుల్లో పట్టేస్తుంది. నిన్నో మొన్నో ఏదైనా జరిగి భయపడుతుంటే మాత్రం టెస్టు కోసం ఆగకండి. 72 గంటల లోపు డాక్టరు దగ్గరికి వెళ్లి పెప్ (వైరస్ తగిలి ఉండొచ్చనుకున్నాక సోకకుండా వాడే మందు) మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి.